ఉతకకూడని రోజు

సినిమావాళ్ళు మా పేటకి వచ్చిన వేసవిలో నా మనవరాలు కార్లీకి పదిహేనేళ్ళు. అప్పటికే రెండు బళ్ళు దాన్ని వెళ్ళగొట్టాయి. మూడో బడిలో క్లాసులో కూర్చున్న రోజులకంటే ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చున్న రోజులే ఎక్కువ. ఎవరి ముక్కు పగిలిందో, ఏ కిటికీ అద్దం పోయిందో అని, ఫోను మోగితే చాలు నేను కోటు అందుకునేదాన్ని.

ఆ బెంచీ మీదే వాళ్ళకి దొరికింది అది.

లండన్ నుంచి మిరియమ్ అనే ఆవిడ సినిమా తీయడానికి మా హల్ ఊరు వచ్చి, హెస్సెల్ రోడ్డు చుట్టుపక్కల బళ్ళన్నీ తిరుగుతోంది. కథలో పిల్ల వయసున్న అమ్మాయి కావాలి. నాటకాల క్లాసు పిల్లలు ఒక్కొక్కరే గదిలోకి వెళ్ళి, ఏడ్చి చూపించి వస్తున్నారు. బయట బెంచీ మీద మా కార్లీ నవ్విందట.

"ఎందుకు నవ్వుతున్నావ్?" అని అడిగిందట మిరియమ్.

"ఏడుపొస్తే ఎవరైనా దాచుకుంటారు. వీళ్ళేంటండీ, పళ్ళెంలో పెట్టి అందిస్తున్నారు?"

ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి బూట్లు విసిరేసి చెప్పింది. "అమ్మమ్మా, నన్ను సినిమాలో పెట్టుకుంటారట."

"ఏం పగలగొట్టావ్?"

"ఏమీ పగలగొట్టలేదు."

"మరెందుకు పెట్టుకుంటారు?"

"అదే నేనూ అడిగా," అంది. అని నా పళ్ళెంలోని చిప్స్ తీసుకుని తినేసింది.

మర్నాడు మిరియమ్ మా ఇంటికొచ్చింది. మగవాళ్ళ కోటు, చిన్న గొంతు, టీలో చక్కెర వద్దంది. నా సంతకం కావాలి. కార్లీ తల్లి లొరెయిన్ నా కూతురే. పిల్లకి ఏడేళ్ళప్పుడు, అది బడిలో ఉన్న సమయంలో, బట్టల సంచీ తీసుకుని ఎవరితోనో వెళ్ళిపోయింది. ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. అంచేత కాగితాల మీద అమ్మా నాన్నా అన్నీ నేనే. పైగా పదహారు నిండని పిల్ల నటిస్తుంటే ఇంటి పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండి తీరాలని చట్టమట. అలా అరవై ఎనిమిదో ఏట నాకు సినిమాలో పని దొరికింది. మడత కుర్చీలో కూర్చుని మనవరాలిని చూడటమే ఆ పని. నా బతుకంతా నేను చేసింది అదే గనక కష్టమనిపించలేదు.

మిరియమ్ పద్ధతి మాకు కొత్త. కథ మొత్తం ఎవరికీ చెప్పదు. ఏ రోజు తీసేది ఆ ముందు రోజు సాయంత్రం నాలుగు కాగితాలు ఇస్తుంది, అంతే. కథ మొదటినుంచి చివరిదాకా వరసగా తీసుకుంటూ పోతుంది. సినిమాలో పిల్ల పేరు జెస్. జెస్‌కి రేపేం జరుగుతుందో కార్లీకి కూడా తెలియకూడదు. "మనకి మాత్రం రేపు తెలుస్తుందా?" అంటుంది మిరియమ్. ఆ మాట నాకు నచ్చింది, భయమూ వేసింది.

కార్లీకి అక్షరాలు నిలవవు. కాగితం మీద చీమల్లా కదులుతాయంటుంది. బళ్ళో సగం గొడవలు అక్కడే మొదలయ్యేవని నాకెప్పుడో తెలుసు, టీచర్లకి చెప్పినా వినలేదు. అందుకని ఆ కాగితాలు నేనే చదివేదాన్ని. నేనూ చదువుకున్నదాన్ని కాదు. పదిహేనో ఏట చేపలు కోసే షెడ్డులో చేరాను. నా భర్త క్లిఫ్ పోయాక, ఇల్లు మరీ నిశ్శబ్దమైపోతే, లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. పుస్తకానికి చేపల వాసన అంటుతుందని ముందు చేతులు నిమ్మచెక్కతో రుద్దుకునేదాన్ని. ఒక్కో వరస కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఏళ్ళ తరబడి చదివాను. ఇప్పుడు ఆ వేలే కార్లీ కోసం వరసల కింద నడిచేది. ఒకసారి చదివితే చాలు, దానికి మొత్తం నోటికొచ్చేసేది. ఆ తల ఏ బడికీ ఎందుకు కనబడలేదో.

షూటింగు మొదలయ్యేది సోమవారం. ఆదివారం రాత్రే దాని జాకెట్టు మీద సాసు మరకలు చూపించి, "పొద్దున్నే ఇది కాస్త ఉతికి పెట్టవా?" అంది.

"ఉతకను. రేపు నువ్వు బయల్దేరుతున్నావు."

"నేనేం ఐస్‌లాండు పోవట్లేదు అమ్మమ్మా. మూడు వీధులవతలికి పోతున్నా."

"మూడైనా ముప్ఫైయైనా."

"ఈ మనిషితో వేగలేం," అంటూ మరకల జాకెట్టే వేసుకుని వెళ్ళింది. బట్టలు చూసే అమ్మాయి ఆ జాకెట్టుని అటూ ఇటూ తిప్పి, "ఇదే కావాలి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు," అంది. కార్లీ నావైపు చూసి కన్నుకొట్టింది.

మా హెస్సెల్ రోడ్డు చేపల ఓడలవాళ్ళది. మూడేసి వారాలు ఉత్తర సముద్రాల మీద ఉండే మగవాళ్ళవి ఈ ఇళ్ళు. ఓడ కదిలే రోజు ఇంట్లో ఒక్క గుడ్డ ఉతకకూడదు. ఉతికితే మనిషి అలల్లో కొట్టుకుపోతాడు. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపకూడదు. ఊపితే అల వచ్చి తీసుకుపోతుంది. వెళ్ళేవాడు వెళ్తుంటే వెనక్కి తిరిగి మన పని మనం చూసుకోవాలి. అదీ మా సాగనంపడం. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నేనూ చాలా పుస్తకాలు చదివాను. కానీ క్లిఫ్ ఓడ కదిలిన జనవరి పొద్దున లొరెయిన్ ఏడాది పిల్ల, గంజి కక్కుకుంది. దాని మెడ గుడ్డ ఒక్కటి, అరచేయంత గుడ్డ, పంపు కింద తడిపి దండెం మీద వేశాను. ఇరవై మందితో ఆ ఓడ మళ్ళీ రాలేదు. ఆ గుడ్డ సంగతి ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క కార్లీకే చెప్పాను. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. "నువ్వు కాదమ్మమ్మా, గాలి చేసింది," అని నా చెయ్యి పట్టుకుంది. ముక్కులు పగలగొట్టే పిల్ల అన్న మాట ఇది.

ఆరు వారాలు నేను ఆ కుర్చీలో కూర్చుని చూసినదాన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. మొదట్లో నాకు కోపంగానే ఉండేది. మా సందుల్నీ, మా తడిగోడల్నీ తీసుకెళ్ళి చూపిస్తే లండన్‌వాళ్ళు కూర్చుని జాలిపడతారనుకున్నాను. మిరియమ్ జాలి చూపించలేదు. మా గోడ మీద తడి మరకని పంతొమ్మిదిసార్లు తీసింది, వెలుతురు సరిగ్గా పడేదాకా. రాణీగారి బొమ్మ గీసినా అంత ఓపిక పట్టరు. ఇక కార్లీ. బడిలో పది నిమిషాలు కూర్చోలేని పిల్ల, ఒకే మెట్టు మీద ఒకే మాట నలభైసార్లు చెప్పి, నలభై ఒకటోసారి "ఇంకోటి చేద్దామా?" అని తనే అడిగేది. పొద్దున్నే నాకంటే ముందు లేచేది. ఆ ఆరు వారాలూ మా ఇంట్లో ఫోను మోగితే నేను కోటు అందుకోలేదు.

చివరి వారంలో, శుక్రవారం మధ్యాహ్నం, మిరియమ్ నా పక్కన కుర్చీ వేసుకుంది. నా ఒళ్ళో ఆఖరి కాగితాలు పెట్టింది.

"చట్టం ప్రకారం మీకు చూపించాలి. పిల్లకి మాత్రం చెప్పకండి. ఇది ఒక్కటీ తను తెలియకుండా చెయ్యాలి."

వేలు పెట్టి చదివాను. మంగళవారం పొద్దున. వెనక వాకిలి. జెస్ తల్లి సంచీతో బయటికి వస్తుంది, నాలుగు రోజులు చెల్లెలి దగ్గరుండి వస్తానంటుంది. సందులో టాక్సీ ఆగి ఉంటుంది. తల్లి వెళ్ళిపోతుంది. జెస్ చూస్తుంది. అంతే, ఆ కింద ఏమీ రాయలేదు.

"దాని తల్లి సంగతి మీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసండీ."

"తెలిసే రాశారా?"

"రాసి రెండేళ్ళయింది. కార్లీని తీసుకున్నాక తెలిసింది. మార్చుదామా అని చాలా ఆలోచించాను." జారిపోతున్న కాగితాలు నా ఒళ్ళో సర్దింది. "ఇష్టం లేకపోతే మీరు చెయ్యెత్తండి. ఎప్పుడెత్తినా సరే, కెమెరా ఆపేస్తాను. మళ్ళీ అడగను. కథ ముగింపు మార్చుకుంటాను."

అబద్ధమాడే మనిషి కాదు. అందుకే తిట్టి పంపలేకపోయాను. చెప్పకపోతే పిల్ల ఆ వాకిట్లో రెండోసారి తల్లిని పోగొట్టుకుంటుంది, ఈసారి యాభై మంది చూస్తుండగా. చెబితే ఆరు వారాల దాని కష్టం పాడవుతుందేమో, మొదటిసారి దేనికైనా పనికొచ్చానని అనుకుంటున్న పిల్లకి ఆ కాస్తా లేకుండా చేస్తానేమో. చెప్పనని తల ఊపాను. ఊపానని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రెండు రోజులు టీ కాచి తాగడం మరచిపోయాను.

ఆదివారం కార్లీ నన్ను పాత రేవు దగ్గరికి నడిపించుకుని వెళ్ళింది. ఓడలు రావడం మానేసి ముప్ఫై ఏళ్ళయింది, బురదలో గడ్డి మొలిచింది. మూలమీద రాతి గట్టు మాత్రం ఉంది. ఓడలు మలుపు తిరుగుతూ కనుమరుగయ్యే చోటు అదే. చిప్స్ పొట్లం విప్పి నా ఒళ్ళో పెట్టింది.

"చెప్పెయ్."

"ఏం చెప్పాలి?"

"శుక్రవారం నుంచి నీ మొహం ఉడకేసిన చేపలా ఉంది. కాగితాలు చదివేశావ్, నాకు చదవలేదు. ఎవరు చస్తారు? నేనా?"

"ఎవరూ చావరు."

"మరి?"

చెప్పాను. ముందే పంటి బిగువున ఉన్నది ఎలాగూ ఆగలేదు. గట్టు మీద నీళ్ళవైపు చూస్తూ చెప్పాను, దాని మొహం చూడలేక. అది చిప్స్ తినడం ఆపలేదు.

"బస్సా, టాక్సీయా?"

"టాక్సీ."

"వెనక్కి తిరిగి చూస్తుందా?"

"కాగితంలో రాయలేదు."

"తిరిగొస్తుందా?"

"సినిమా అక్కడితో అయిపోతుంది తల్లీ."

వేళ్ళకంటిన ఉప్పు నాకి, పొట్లం నలిపి జేబులో పెట్టుకుంది. మామూలుగా అయితే నీళ్ళలోకి విసిరేది.

"మిరియమ్‌కి నాకు తెలుసని చెప్పకు."

"ఎందుకే? మానేద్దాం. నేను చెయ్యెత్తితే చాలు, ఆపేస్తానంది."

"వద్దు. ఎత్తకు." లేచి నిలబడింది. "తెలియకుండా జరిగితే అది నాకు మళ్ళీ జరగడమే. తెలిసి చేస్తే నటన. జరగడం ఒకసారి అయిపోయింది. ఈసారి నేను చేస్తా."

పదిహేనేళ్ళ పిల్ల. అక్షరాలు చీమల్లా కదిలే పిల్ల. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట అంత తేలిగ్గా చెప్పినవాళ్ళు లేరు.

మంగళవారం ఎండ కాయలేదు, వాన పడలేదు. వెనక వాకిట్లో సినిమావాళ్ళు దండెం కట్టి దుప్పట్లూ, తువ్వాళ్ళూ, రెండు గౌన్లూ వేసి, అవి తడిగా కనబడాలని గొట్టంతో నీళ్ళు చల్లారు. మా పక్కింటి డోరీన్ కూడా వచ్చి, వాకిలి గోడమీద మోచేతులు ఆనించి చూస్తోంది. దాని మొగుడూ క్లిఫ్ ఓడలోనే పోయాడు.

"ఏం అక్కా, ఆ తెల్లముఖం ఏంటి? పెళ్ళికూతురివి నువ్వా?" అంది నాతో.

తల్లి వేషం వేసిన జోన్ మంచి మనిషి. పొద్దుటినుంచీ కార్లీ వైపు చూడలేకపోతోంది. సంచీతో బయటికొచ్చింది.

"నాలుగు రోజులేనే. చెల్లెలి దగ్గరికి. ఫ్రిజ్‌లో పాలున్నాయి, చూస్కో."

కార్లీ గుమ్మంలో నిలబడి ఉంది. అందరూ ఎదురుచూస్తున్నది ఒక్కటే. పిల్ల అరుస్తుంది, పరిగెడుతుంది, టాక్సీ అద్దం కొడుతుంది. బళ్ళో అది చేసినవన్నీ ఇక్కడ చేస్తుంది. నా కుడి చెయ్యి ఒళ్ళోంచి లేచింది. భుజం దాకా రాలేదు.

కార్లీ సందువైపు చూడలేదు. తల్లికి వీపు తిప్పింది. నడిచి దండెం దగ్గరికెళ్ళి మొదటి క్లిప్పు తీసింది. తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది, నేను పెట్టుకున్నట్టే. తువ్వాలు చేతిమీద వేసుకుంది. రెండో క్లిప్పు. గౌను. తొందర లేదు. ఇంటి పని చేసుకుంటున్న పిల్ల, అంతే. సందులో టాక్సీ తలుపు పడిన చప్పుడైంది. అప్పుడు దాని చేతులు వేగం అందుకున్నాయి. ఇంజను మొదలైంది. దుప్పటి ఒక కొస చిక్కుకుని రాలేదు, లాగింది, రాలేదు, క్లిప్పుతో సహా ఊడబీకింది. టాక్సీ మలుపు తిరిగేసరికి దండెం మీద ఒక్క గుడ్డ లేదు.

తడి బట్టలన్నీ గుండెలకి హత్తుకుని నిలబడింది. నీళ్ళు దాని మరకల జాకెట్టు మీదుగా బూట్లలోకి కారుతున్నాయి. నోట్లో మూడు క్లిప్పులు. కన్నీళ్ళు లేవు.

గోడమీద డోరీన్ మోచేతులు తీసేసింది. "అయ్యో నా తల్లి," అంది, ఎవరికీ వినబడకుండా.

మిరియమ్ చాలాసేపు 'కట్' అనలేదు. తర్వాత ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బట్టలు చూసే అమ్మాయి పొడి తువ్వాలు తెచ్చి కార్లీ భుజాల మీద వేసింది. మిరియమ్ నా దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇది నేను రాయలేదు. నేనెప్పటికీ రాయలేను. ఎందుకు చేసింది అలా?"

"వానొచ్చేలా ఉందనుకుందేమోనండీ," అన్నాను.

కార్లీ నోట్లోంచి క్లిప్పులు తీసింది. "టీ ఉందా ఎవరి దగ్గరైనా? బూట్లలో చేపలు పెంచుకోవచ్చు," అంది. అందరూ ఒక్కసారి నవ్వారు, జోన్ ఏడుస్తూ నవ్వింది. ఇంటికొస్తూ దారిలో కార్లీ నా చెయ్యి పట్టుకుంది. తొమ్మిదేళ్ళప్పటి తర్వాత మళ్ళీ అప్పుడే.

మరుసటి వసంతంలో సినిమా వచ్చింది. పేపర్లు చాలా పొగిడాయి. ఒక లండన్ పేపరు, ఈ పిల్ల నటించలేదు, తన బతుకు తాను బతికింది, కెమెరా అక్కడ ఉంది అంతే, అని రాసింది. చివర బట్టలు తీయడం అర్థం కాకపోయినా మరచిపోలేమనీ రాసింది. కార్లీకి అది చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు. తనే పేపరు లాక్కుంది. కిటికీ దగ్గర నిలబడి, వరస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఎంతసేపైందో, మొత్తం తనే చదివింది. చదివి మడిచి సొరుగులో పెట్టింది.

"నటించలేదట," అంది. దాని మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

మా ఊళ్ళో ఆట వేసినప్పుడు హాలు నిండిపోయింది. ముందు వరసల్లో కోట్లు వేసుకున్నవాళ్ళు, వెనక మూడు వరసల్లో మా హెస్సెల్ రోడ్డు ఆడవాళ్ళు. తెర మీద తల్లి సంచీతో బయటికొచ్చింది. ముందు వరసలు కదలకుండా చూస్తున్నాయి. కార్లీ వీపు తిప్పి మొదటి క్లిప్పు మీద చెయ్యి వేసింది. అప్పుడు వెనక మూడు వరసలూ ఒక్క ఊపిరి లోపలికి పీల్చుకున్నాయి. చీకట్లో డోరీన్ నా మణికట్టు పట్టుకుని దండెం మీద చివరి దుప్పటి దిగేదాకా వదల్లేదు. ఆ పిల్ల తల్లిని తిట్టడం లేదని, ఆపడం లేదని, మునిగిపోకుండా తిరిగి రమ్మంటోందని మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు వరసల్లో ఒకాయన ఎందుకో వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు.

లొరెయిన్ ఆ సినిమా చూసిందో లేదో నాకు తెలియదు. చూసి ఉంటే దానికి అర్థమయ్యే ఉంటుంది. అదీ ఈ వీధి పిల్లే.

ఆ సెప్టెంబరులో కార్లీకి మాంచెస్టర్‌లో నటన నేర్పే బడిలో చోటు దొరికింది. వెళ్ళగొట్టని బడి. బస్సు సోమవారం ఎనిమిదింటికి. సోమవారమంటే మా వీధిలో ఉతుకుల రోజు. నేను పుట్టినప్పటినుంచీ సోమవారం పొద్దున్నే సందులు రెండువైపులా దండేలు నిండిపోయి, ఆ తెల్ల దుప్పట్ల మధ్య నుంచి తలలు వంచుకుని నడవాల్సిందే.

మరకల జాకెట్టు నాకే వదిలేసింది. "ఉతకొద్దు," అంది.

"ఉతకను."

"ఎప్పుడూ అనట్లేదు. ఇవాళ మాత్రం."

సంచీ భుజాన వేసుకుని వెనక వాకిలి గుండా సందులోకి దిగింది. నేను చెయ్యి ఊపలేదు. దాని బూట్ల చప్పుడు మొదలవగానే వీపు తిప్పి, సింకులో ఉన్న ఒకే ఒక్క కప్పుని తుడవడం మొదలుపెట్టాను. తుడిచిందే తుడిచాను. చప్పుడు మలుపు దగ్గర పోయింది. ఇంకో పావుగంట ఆగి, బస్సు కదిలి ఉంటుందని లెక్క వేసుకుని, అప్పుడు వాకిట్లోకి వచ్చాను.

సందు ఖాళీగా ఉంది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, పదకొండు ఇళ్ళు, పదకొండు దండేలు. ఒక్కదాని మీదా గుడ్డ లేదు.

డోరీన్ తన గోడ దగ్గర టీ తాగుతోంది.

"ఏంటి ఇవాళ ఉతకలేదు?" అన్నాను.

"మెషీను చెడిపోయింది అక్కా."

"అందరివీనా?"

"మరే," అంది డోరీన్, కప్పులోకి చూస్తూ. "రేపటికి బాగవుతాయిలే."